పాత యమహాను కఫే రేసర్‌గా మార్చుకున్నాను: అల్యూమినియం మెరుపు ఎక్కడ నుంచి వస్తుందంటే

కఫే రేసర్ అంటే మామూలు బండిని రేసు బండిలా తేలిక చేసి కట్టుకునే రూపం. ఆ మాట అనగానే అందరి కళ్లూ ట్యాంకు మీదకీ, వెనక గుండ్రంగా లేచే సీటు మీదకీ వెళ్తాయి. నాకు మాత్రం మొదటి నుంచీ ఇంజిన్ కవర్ల మీదే మనసు. ట్యాంకుకి రంగు కావాలంటే డబ్బిచ్చి వేయించుకోవచ్చు. పోత పోసిన అల్యూమినియం కవర్లో మన ముఖం కనిపించాలంటే మాత్రం ఎవరో ఒకరు దాని ముందు గంటలకొద్దీ కూర్చోవాల్సిందే. ఆ కూర్చునేది నేనే కావాలనుకున్నాను.

నేను ఎంచుకున్నది పాత యమహా ఎక్స్‌ఎస్650. 653 సీసీ, పక్కపక్కనే రెండు సిలిండర్లు, గాలికే చల్లబడే ఇంజిన్. రెండు పిస్టన్లూ కలిసే పైకెళ్తాయి, కలిసే కిందికొస్తాయి, కానీ పేలుడు మాత్రం ఒకసారి ఒకదాంట్లో, తర్వాత రెండోదాంట్లో జరుగుతుంది. పాత ట్రయంఫ్, బీఎస్ఏ ట్విన్ బళ్ల పద్ధతీ ఇదే. అందుకే ఆ బళ్ల చుట్టూ పుట్టిన కఫే రేసర్ రూపం దీనికి చక్కగా అతుకుతుంది. పైగా దీని క్లచ్ కవరు, ఆల్టర్నేటర్ కవరు, క్యామ్ చివర్ల మీది మూతలు, ముందు ఫోర్కుల కింది భాగం అన్నీ అల్యూమినియమే. పాలిష్ మీద మోజున్నవాడికి ఇంతకంటే ఏం కావాలి!

ఈ రూపం ఊరికే అందం కోసం పుట్టింది కాదు. 1950లు, 60లలో బ్రిటన్ కుర్రాళ్లు రోడ్డు పక్క కఫేల దగ్గర చేరి, అక్కణ్ణుంచి బళ్లు దౌడు తీయించేవాళ్లు. లండన్ నార్త్ సర్క్యులర్ రోడ్డు మీద 1938లో తెరిచిన ఏస్ కఫే వాటిలో బాగా పేరున్నది. 1969లో మూతపడి, 2001లో మళ్లీ తెరుచుకుంది. గంటకు 100 మైళ్లు అందుకోవడాన్ని వాళ్లు ‘టన్’ కొట్టడం అనేవాళ్లు. దానికోసం బండి మీద అక్కర్లేని బరువంతా పీకేసేవాళ్లు, గాలి తగలకుండా ట్యాంకు మీదకి వంగేందుకు హ్యాండిల్ కిందికి దించేవాళ్లు, ఫుట్‌రెస్టులు వెనక్కి జరిపేవాళ్లు. నార్టన్ ఫెదర్‌బెడ్ ఛాసిస్‌లో ట్రయంఫ్ ఇంజిన్ పెట్టి కట్టిన బళ్లకే ‘ట్రైటన్’ అని పేరు. మంచి ఛాసిస్ ఒకరిది, మంచి ఇంజిన్ ఇంకొకరిది, రెండూ కలిపితే కావలసిన బండి.

రేసు ఇంజిన్లు కట్టేవాళ్లకి పాలిష్ అంటే సోకు కాదు. ఇంజిన్ లోపల ఎవరికీ కనిపించని కనెక్టింగ్ రాడ్లను కూడా వాళ్లు పాలిష్ చేసేవాళ్లు. లోహం మీద చిన్న గీత ఉన్నా ఒత్తిడంతా అక్కడే పోగవుతుంది, పగులు అక్కడే మొదలవుతుంది. ఆ గీతను తీసేస్తే రాడ్ ఎక్కువ కాలం నిలుస్తుంది. నాకు పాలిష్ అసలు అర్థమైంది ఈ సంగతి తెలిశాకే. పాలిష్ అంటే మెరిసేదేదో పైన పూయడం కాదు, ఉన్న గీతల్ని ఒక్కొక్కటిగా తీసేయడం. గీతలన్నీ పోయాక మిగిలేదే మెరుపు.

ముందు బండి సంగతి చెప్పేస్తాను. కోత పెట్టే ముందు మీ దగ్గర రూల్స్ ఏమంటున్నాయో కనుక్కోండి. ఛాసిస్ మార్పుల మీద ఒక్కో చోట ఒక్కో చట్టం. ఛాసిస్ నంబరు ఉన్న చోటుకి గ్రైండర్ దరిదాపుల్లోకి కూడా రానివ్వకూడదు.

రంగూ పాలిష్ జోలికి పోకుండా బండిని మొత్తం ఒకసారి కట్టి చూశాను. చక్రాలు, ట్యాంకు, సీటు, హ్యాండిల్, ఫుట్‌రెస్టులు, సైలెన్సర్లు అన్నీ వాటి స్థానాల్లో బిగించి, దూరంగా నిలబడి చూసి, నచ్చాకే మళ్లీ విప్పాను. ఒకే బండిని రెండుసార్లు కట్టడం దండగ అనిపించొచ్చు. కానీ పాలిష్ అయిన కవరు పక్కన వెల్డింగ్ నిప్పురవ్వలు పడితే ఆ పనంతా బూడిదే.

కఫే రేసర్‌కి ప్రాణం ఒక్క గీతలో ఉంటుంది. ట్యాంకు అడుగు అంచు, సీటు అడుగు అంచు కలిసి నేలకు సమాంతరంగా ఒకే గీతలా పోవాలి. ఆ గీత తెగితే ఎంత ఖరీదైన సామాను పెట్టినా బండి ముక్కలు ముక్కలుగానే కనిపిస్తుంది. దానికోసం సీటు కింద ఛాసిస్ పైపుల చివర్లు కోసి, వంపు తిప్పిన పైపు అతికించాం. అతుకు దగ్గర లోపల బిగుతుగా పట్టే మరో పైపు ముక్క దూర్చి వెల్డింగ్ చేస్తేనే బలం. కోసే ముందు వెనక షాకబ్జర్లు విప్పేసి, చక్రాన్ని చేత్తో పైదాకా ఎత్తి చూశాను. గుంతలో పడ్డప్పుడు టైరు ఎంతవరకు లేస్తుందో అప్పుడే తెలుస్తుంది. నిలబడి ఉన్న బండిని చూసి సీటు ఎత్తు నిర్ణయిస్తే, మొదటి గుంతకే టైరు సీటుకి రాసుకుంటుంది.

క్లిప్-ఆన్ హ్యాండిళ్లు నేరుగా ఫోర్కు గొట్టాలకే బిగుస్తాయి. వాటిని ఎడమకీ కుడికీ చివరిదాకా తిప్పి, ట్యాంకుకీ నా వేళ్లకీ మధ్య సందు ఉందో లేదో చూసుకున్నాను. హ్యాండిల్ తిప్పినప్పుడు యాక్సిలరేటర్ కేబుల్ లాగినట్టయి ఇంజిన్ రేజ్ అవుతుంటే మాత్రం అసలు రోడ్డెక్కకూడదు. కేబుల్ దారి మార్చాలి, లేదా సరిపోయే పొడవున్నది వేయాలి. ఫుట్‌రెస్టులు వెనక్కి జరిపితే గేర్ లివర్ కూడా జరుగుతుంది. లివర్‌ని వెనక్కి తిప్పి నేరుగా గేర్ షాఫ్టుకే పెడితే గేర్లు తలకిందులవుతాయి, మొదటి గేరు పైకి, మిగతావి కిందికి. రేసుల్లో అలా వాడేవాళ్లున్నారు. నాకు మాత్రం అలవాటైన పద్ధతే కావాలి కాబట్టి మధ్యలో ఒక లింకు రాడ్ పెట్టించాను. కిక్ రాడ్‌కి అడ్డు రాకుండా కుడి ఫుట్‌రెస్టు మడత పడేది వేశాను.

ఇక పాలిష్.

కవర్లు విప్పడమే మొదటి పరీక్ష. పాత జపాన్ బళ్ల ప్లస్ స్క్రూలు మామూలు ఫిలిప్స్ స్క్రూ డ్రైవర్‌కి సరిగ్గా కూర్చోవు. అవి జిస్ అనే జపాన్ కొలతవి. ఫిలిప్స్ డ్రైవర్ పెట్టి బలంగా తిప్పితే తల అరిగిపోతుంది, ఆ తర్వాత డ్రిల్ చెయ్యడం తప్ప దారి ఉండదు. జిస్ బిట్టు, సుత్తితో కొట్టి తిప్పే ఇంపాక్ట్ డ్రైవర్, ముందు రోజు రాత్రే పోసి ఉంచిన తుప్పు వదిలించే నూనె, ఈ మూడూ ఉంటే టెన్షన్ లేకుండా ఊడొస్తాయి. తిరిగి బిగించేటప్పుడు అలెన్ బోల్టులు వేశాను.

నా ముందు ఈ బండి ఎవరి దగ్గరుందో గానీ, కవర్ల మీద వెండి రంగు స్ప్రే కొట్టించి ఉంది. దాని కింద కంపెనీ వేసిన పారదర్శకమైన లక్క (లాకర్) పొర పసుపెక్కిపోయింది. లక్క కింద అల్యూమినియం మీద తెల్లటి సన్నటి దారాలు పాకినట్టు తుప్పు. లక్క ఎక్కడైనా చిట్లితే ఆ సందులోంచి తేమ దూరి, పొర కిందే పాకుతూ పోతుంది. ఈ రెండు పొరల మీద నేరుగా గరుకు పేపర్ రుద్దితే పేపరే మూసుకుపోతుంది తప్ప పని జరగదు. పెయింట్ రిమూవర్ పూసి, ఆరుబయట, చేతులకి గ్లవ్స్ వేసుకుని గీకేయాలి. కొందరు కాస్టిక్ సోడా సలహా ఇస్తారు. అది అల్యూమినియంనే తినేస్తుంది, పైగా హైడ్రోజన్ వాయువు వస్తుంది. ఇంజిన్ కవర్లకి దాన్ని నేను వాడను.

తర్వాత వాటర్ పేపర్. పేపర్ వెనక నంబరు ఎంత చిన్నదైతే పేపర్ అంత గరుకు. నేను చాలావరకు 320తో మొదలుపెట్టాను. కింద పడ్డప్పుడు రోడ్డుకి రాసుకుని లోతుగా చీరుకున్న చోట మాత్రం ముందు సన్నటి ఆకురాయి, తర్వాత 220. అక్కడి నుంచి 400, 600, 800, 1000, 1500, 2000. ఒక్కటి కూడా దాటెయ్యలేదు.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. ఒక నంబరుతో నిలువుగా రుద్దితే, తర్వాతి నంబరుతో అడ్డంగా రుద్దాలి. అడ్డంగా రుద్దుతున్నప్పుడు నిలువు గీత ఒక్కటి కనిపించినా, కిందటి పేపర్ వదిలిన గీత అది అని తెలిసిపోతుంది. అది పోయేదాకా పై నంబరుకి వెళ్లకూడదు. రెండూ ఒకే దిక్కులో రుద్దితే ఏ గీత ఏ పేపర్‌దో చెప్పలేం. మసక మీద అన్నీ సమంగానే కనిపిస్తాయి. వేగంగా తిరుగుతూ మెరుగు పెట్టే బఫింగ్ చక్రం మీద పెట్టి మెరుపు తేలగానే, లోపల దాక్కున్న 320 గీతలన్నీ బయటికొస్తాయి. అప్పుడు మళ్లీ 320 దగ్గరికే వెళ్లాలి. మెరుపు చివరి మైనంలో ఉందని అందరూ అనుకుంటారు. నేను చూసినంతలో అది మొదటి రెండు పేపర్ల దగ్గరే తేలిపోతుంది. నా పని సమయంలో సగానికి పైగా 320, 400 దగ్గరే గడిచింది. 1000 దాటాక పని పరుగెడుతుంది.

నీళ్లలో రెండు చుక్కల సబ్బు వేస్తే పేపర్ అల్యూమినియం పొడితో మూసుకుపోదు. చదునుగా ఉన్న చోట పేపర్ వెనక గట్టి రబ్బరు ముక్క పెట్టుకోవాలి. వేళ్లతోనే రుద్దితే వేళ్ల కింద గాళ్లు పడతాయి. లైటు ఎప్పుడూ పక్క నుంచి, వాలుగా పడాలి. నెత్తి మీద లైటు కింద ప్రతి కవరూ బాగున్నట్టే కనిపిస్తుంది.

క్లచ్ కవరు కింది అంచు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అక్కడ కవరు చదును నుంచి వంపు తిరుగుతుంది. ఆ వంపు మీద గీతలు పోయాక గుండు సూది మొనంత గుంటలు బయటపడ్డాయి, ఒకదాని పక్కన ఒకటి, గుంపుగా. అవి గీతలు కావు, పోతలో చిక్కిన గాలి బుడగలు. డై కాస్టింగ్‌లో, అంటే కరిగిన లోహాన్ని ఒత్తిడితో అచ్చులోకి నెట్టే పోతలో, అచ్చుని తాకి త్వరగా గట్టిపడే పై చర్మం దట్టంగా ఉంటుంది, బుడగలు ఎక్కువగా లోపలే ఉంటాయి. వాటిని తీయాలని ఇంకా రుద్దితే పై చర్మం పోయి, ఇంకా ఎక్కువ బుడగలు తేలతాయి. ఆ గుంటలు తేలగానే అక్కడ చెయ్యి ఆపేశాను. అవి ఇప్పటికీ ఉన్నాయి. దగ్గరికెళ్లి వేలు పెట్టి చూపిస్తే తప్ప కనపడవు. అవి లేకపోతే బాగుండునని నాకు ఎప్పుడూ అనిపించలేదు, పోత లోహం ఇలాగే ఉంటుంది.

బఫింగ్ నాకు నేర్పింది లేత్ పని చేసే ఒక పెద్దాయన. మొదటి మాటే, “బాబూ, చక్రం పై సగం నీది కాదు, కింది సగమే నీది” అన్నారు. చక్రం మన వైపు పైనుంచి కిందికి తిరుగుతుంది. ముక్కని మధ్య గీతకి కిందుగా, అంచు కిందికి వాలేట్టు పట్టుకోవాలి. పై అంచుని చక్రానికి ఎదురుగా పెడితే అది పట్టేసుకుని ముక్కని విసిరికొడుతుంది. కవరు ఒడిలోకో, కాళ్ల మీదకో వస్తుంది. వదులు చొక్కా, ఉంగరం, వేలాడే దారం ఏదీ ఉండకూడదు. కళ్లద్దాలు, మాస్కు తప్పనిసరి.

చక్రాలు రెండు రకాలు వాడాను. ముందు గట్టి సైసల్ నార చక్రం మీద గోధుమ రంగు ట్రిపోలీ కాంపౌండ్ (చక్రానికి పూసే మెరుగు ముద్ద), తర్వాత మెత్తటి కాటన్ చక్రం మీద తెల్ల కాంపౌండ్. ఆకుపచ్చ కాంపౌండ్ స్టీలుకి బాగుంటుంది, ఎర్రది బంగారం, వెండి పనివాళ్లు వాడతారు. ఒక కాంపౌండ్ పూసిన చక్రానికి ఇంకో కాంపౌండ్ పూయకూడదు. పూస్తే మెత్తదాంట్లో గరుకు కలిసి కొత్త గీతలు పెడుతుంది. కాంపౌండ్ కూడా కొంచెం కొంచెంగానే. ఎక్కువైతే నల్లటి జిడ్డు గీతలు పేరుకుంటాయి. అప్పుడు చక్రాన్ని రేక్‌తో గీకి శుభ్రం చేసి మళ్లీ మొదలుపెట్టాలి.

స్క్రూ రంధ్రాల దగ్గర చాలా జాగ్రత్త కావాలి. చక్రం ఒకే దిక్కున రంధ్రం మీదుగా పోతుంటే, రంధ్రం అవతలి అంచు అరిగి తోకలా సాగుతుంది. దాన్ని పేపర్‌తో సరిచేయడం చాలా కష్టం. రంధ్రాల చుట్టూ ముక్కని తిప్పుతూ అన్ని దిక్కుల నుంచీ తగిలించాను. అక్షరాలు పోత పోసి ఉన్న చోట చక్రం పెట్టనే లేదు, చెక్కపుల్లకి కాటన్ గుడ్డ చుట్టి చేత్తోనే చేశాను. చక్రం అక్షరాల అంచులు తినేస్తే కవరు కొత్తగా కాదు, అరిగిపోయినట్టు కనిపిస్తుంది.

దుమ్ము గురించి ఎవరూ గట్టిగా చెప్పరు, నేను చెప్తాను. సన్నటి అల్యూమినియం పొడి మండుతుంది. దాంట్లో ఇనుప తుప్పు పొడి కలిస్తే అది థర్మైట్ సరుకు, అంటే విపరీతమైన వేడితో మండే మిశ్రమం, నిప్పురవ్వ తగిలితే ఆర్పడం మన వల్ల కాదు. కాబట్టి ఇనుము గ్రైండ్ చేసే మెషీన్ మీద అల్యూమినియం పెట్టకూడదు. పని అయ్యాక దుమ్ముని గాలితో ఊదకుండా తడిగుడ్డతో ఎత్తేయాలి.

అన్నిటినీ మెరిపించలేదు. సిలిండర్ రెక్కలకి పల్చటి నలుపే ఉంచాను. గ్యాస్కెట్ కూర్చునే అంచుల మీద టేపు వేసి చక్రం తగలనివ్వలేదు. అక్కడ కాస్త వంగినా నూనె కారుతుంది. హబ్బులు మెత్తటి మసక మెరుపుతోనే ఆపేశాను, అద్దాల మధ్య అద్దం పెడితే కంటికి నిలకడ ఉండదు. క్రోమ్ భాగాలకి పేపర్ తగలనివ్వలేదు. క్రోమ్ పొర చాలా పల్చన, దాని కింద నికెల్ ఉంటుంది. పొర లేచిపోతే రుద్ది బాగుచేయడం కుదరదు, మొత్తం తీసేసి మళ్లీ ప్లేటింగ్ చేయించాల్సిందే. స్టెయిన్‌లెస్ స్టీలు ఎగ్జాస్ట్ పైపులు ఇంజిన్ దగ్గర ముందు గడ్డి రంగుకీ, తర్వాత ఊదాకీ, నీలానికీ తిరిగాయి. వేడికి పైన ఏర్పడే ఆక్సైడ్ పొర మందాన్ని బట్టి వచ్చే రంగులవి. వాటిని పాలిష్ చేసి చెరిపేయాలని నాకు అనిపించలేదు.

పాలిష్ అయిన కవర్లను ఇంజిన్‌కి బిగించే ముందు వేడి నీళ్లు, సబ్బుతో కడిగి, నూనె దారుల్లో, మర రంధ్రాల్లో బ్రష్ దూర్చి, గాలి కొట్టి, మళ్లీ కడిగాను. కాంపౌండ్ అంటే జిడ్డులో కలిపిన గరుకు పొడే. అది రవ్వంత నూనెలో కలిసినా బేరింగులని తినేస్తుంది. మెరుపు పని ఎంత బాగా చేసినా, ఈ కడుగుడు సరిగా చేయనివాడి ఇంజిన్‌లో నేను నూనె పోయను.

మిగతా పని త్వరగానే సాగింది. ఎయిర్ బాక్స్ తీసి కోన్ ఫిల్టర్లు పెడితే గాలి ఎక్కువ దూరుతుంది, పెట్రోలు సరిపోదు. ఈ బండి కార్బరేటర్లలో స్లైడు వాక్యూమ్‌తో లేచేది కాబట్టి గాలి దారిలో మార్పుని గట్టిగానే పట్టించుకుంటుంది. పెట్రోలు వదిలే జెట్లు పెద్దవి వేసి, ప్లగ్గులు విప్పి రంగు చూస్తూ, తెల్లగా ఉంటే పెంచుతూ, మసిగా ఉంటే తగ్గిస్తూ సరిచేశాను. వైరింగ్ మొత్తం కొత్తది వేసి సీటు కింద దాచాను.

మొదటిసారి నడిపినప్పుడు మణికట్ల మీద బరువు పడుతుందని అర్థమైంది. స్పీడందుకున్నాక ఎదురుగాలి ఛాతీని మోస్తుంది, ఆ బరువు తగ్గిపోతుంది. ఊరి ట్రాఫిక్‌కి ఈ బండి కాదు. తెరిపి రోడ్డు మీద మాత్రం దీనంత ముద్దొచ్చే బండి నాకు లేదు.

మెరుపు నిలబెట్టడం గురించి చాలామంది అడుగుతుంటారు. అల్యూమినియం గాలి తగిలీ తగలగానే తనకి తానే కంటికి కనిపించని ఆక్సైడ్ పొర కప్పుకుంటుంది, అది దానికి రక్షణే. మసకేసేది తేమ, ఉప్పు, మట్టి. మళ్లీ లక్క వేయమని కొందరంటారు. నేను వేయలేదు. రాయి తగిలి లక్క చిట్లితే మళ్లీ అదే తెల్ల దారాల కథ, మళ్లీ మొత్తం గీకడం. బండి చల్లారాక మెత్తటి సబ్బు నీళ్లతో కడిగి, పూర్తిగా తుడిచి, కవర్లకి మైనం పూస్తాను. బ్రేకుల దగ్గరికి మాత్రం మైనం గుడ్డ పోనివ్వను. వానలో తిరిగొస్తే ఆ రోజే కడిగేస్తాను. కవర్లు అలాగే నిలిచాయి. ముందు ఫోర్కుల కింది భాగం మాత్రం చక్రం ఎగజిమ్మే మట్టికి కొంచెం మసకబారింది. అక్కడ మళ్లీ 320 దాకా వెళ్లక్కర్లేదు. 1500తో మొదలుపెట్టి, 2000 కొట్టి, తెల్ల కాంపౌండ్‌తో తేలిస్తే చాలు. ఈసారి చక్రం విప్పినప్పుడు ఆ పని పెట్టుకుంటాను.